చేతికి తెలియని వేడి

బోల్టులు బిగించే అదే కరెంటు గన్ మూడోసారి వనజ బల్ల మీదికి వచ్చింది. మూత విప్పకముందే జబ్బేమిటో వాసనను బట్టి తెలిసిపోయింది. లోపలి రాగితీగ మీది వార్నిష్ మాడిపోయింది. ఆ వాసన ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. తార్నాక నుంచి లాలాపేట పోయే దారిలో, ఒక సందు మొదట్లో ఉన్న ఆ రివైండింగ్ షాపులోనే తండ్రి దానయ్య పక్కన కూర్చుని, కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం నేర్చుకుంది. తండ్రి పోయి తొమ్మిదేళ్లయింది. బోర్డు మీద పేరు ఇంకా ఆయనదే. పని మాత్రం ఆమెది.

గన్ తెచ్చినాయన పేరు వెంకటకృష్ణ. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉక్కు దూలాలతో కడుతున్న కొత్త ఆడిటోరియానికి సైట్ ఇంజనీరు. భీమవరం వైపు మనిషి, హైదరాబాద్‌లో స్థిరపడి చాలా కాలమైంది. ఎప్పుడూ మెత్తగా మాట్లాడేవాడు ఆ రోజు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇది మూడోసారండీ వనజగారూ. నెలన్నరలో మూడుసార్లు. మీ వైండింగే సరిగ్గా లేదేమోనని హెడ్డాఫీసులో అంటున్నారు."

"మీ దగ్గర గన్నులు ఐదున్నయి సార్. ఐదింటికీ నేనే చుట్టిన. నా చుట్టుడు మంచిగ లేకపోతె మిగతా నాలుగు ఎందుకు కాలుతలేవు?"

వెంకటకృష్ణ గన్‌ను ఆమె ముందుకు జరిపాడు. "అదే రాసివ్వండి మరి," అన్నాడు. "గన్ తప్పా, కరెంటు తప్పా, వాడేవాడి తప్పా... కారణం కాగితం మీద ఉండాలంటున్నారు."

అతను వెళ్లాక వనజ గన్ మొత్తం విప్పింది. కార్బన్ బ్రష్‌లు రెండూ సమంగా అరిగి ఉన్నాయి. బేరింగు వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. గాలి పోయే చీలికల్లో దుమ్ము లేదు. కానీ ముందువైపు, బోల్టును బిగించడానికి సుత్తిలా దెబ్బ మీద దెబ్బ వేసే భాగంలో గ్రీజు కరిగి నూనెలా కారుతోంది. అంటే ఏ భాగమూ చెడిపోలేదు. దీన్ని ఎవరో ఆపకుండా, ఊపిరి తీసుకోనివ్వకుండా నడిపిస్తున్నారు. ఎందుకన్నది బల్ల దగ్గర కూర్చుంటే తెలిసేది కాదు. రెండు రోజుల్లో కొత్త తీగ చుట్టి, గన్‌తో పాటు మీటరు, తీగలో పారే కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది.

ఆగస్టు నెల. రాత్రి కురిసిన వానకు క్యాంపస్ రోడ్లు తడిసి ఉన్నాయి. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు చెట్ల కింద అట్టముక్కలు పరుచుకుని లావుపాటి పుస్తకాలు ముందేసుకున్నారు. హాస్టళ్ల వెనుక ఆడిటోరియం ఇంకా ఎముకల గూడులాగే ఉంది. ఆమె తెచ్చిన గన్నూ అందాక, పరంజా మీద నిలబడి ఐదుగురు మనుషులు దూలాల కీళ్ల దగ్గర బోల్టులు బిగిస్తున్నారు. ఆ చప్పుడుకు కింద మాట వినబడటం లేదు.

మొదటి తప్పు అరగంటలో దొరికింది. కరెంటు బోర్డు గేటు దగ్గర ఉంది. అక్కణ్నుంచి మూడు సన్నటి కేబుళ్లు ఒకదానికొకటి అతికించి, బురదలోంచి లాగి పైదాకా తీసుకెళ్లారు. బోర్డు దగ్గర మీటరు 231 చూపించింది. పైన, అన్ని గన్నులూ నడుస్తుండగా, 188. అంత తక్కువ వోల్టేజీలో గన్ దెబ్బకు బలం ఉండదు. బలం లేని దెబ్బతో బోల్టు బిగియాలంటే ఎక్కువసేపు కొట్టాలి. ఎక్కువసేపు కొడితే వేడి.

అక్కడితో ఆగిపోవచ్చు. కానీ అదే కేబుల్ మీద నడుస్తున్న నాలుగు గన్నులు గోరువెచ్చగా ఉన్నాయంతే. వనజ తను తెచ్చిన ఐదో గన్ దగ్గరికి వెళ్లింది.

దాన్ని పట్టుకున్న మనిషి రాజలింగు. యాభై ఏళ్లుంటాయి. బక్కపలచటి ఒళ్లు, నెరిసిన మీసం. మిగతావాళ్లు బటన్ నొక్కి, నాలుగైదు సెకన్లు కొట్టి, చప్పుడు మారగానే వదిలేస్తున్నారు. రాజలింగు వదలడం లేదు. బోల్టు బిగిసి చప్పుడు ఎప్పుడో మారినా కొడుతూనే ఉన్నాడు. పది సెకన్లు, పన్నెండు. మరో బోల్టు. మళ్లీ అంతే. ఎడమ అరచెయ్యి గన్ ముందు భాగం కింద ఆసరాగా పెట్టి, ఒళ్లంతా దాని మీదికి వంచి, పళ్లు బిగించి కొడుతున్నాడు.

వనజ చేత్తో సైగ చేస్తే ఆపాడు. గన్ చూద్దామని ఆమె ముందు భాగం మీద వేలు పెట్టింది. చురుక్కుమని వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది. రాజలింగు అరచెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"అన్నా! చెయ్యి కాలుతలేదా?"

అతను గన్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఏం కాలుతది? మంచిగనే ఉన్నది గద."

ఆమె అతని చెయ్యి పట్టుకుని తిప్పింది. అరచేతి మధ్యలో ఒక బొబ్బ పగిలి, దాని మీద గ్రీజు మరక నల్లగా ఎండిపోయి ఉంది. ఆ పక్కన ఇంకోటి కొత్తగా లేస్తోంది.

మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ దూరంగా కూర్చుంటే, వనజ అతన్ని ఇటుకల దొంతర వెనక్కి పిలిచింది. కళ్లు మూసుకొమ్మంది. చేతిలో ఒక నట్టు పెట్టి ఇదేందన్నా అని అడిగింది. రాజలింగు వేళ్లు దాని చుట్టూ తడుముకున్నాయి.

"బోల్టు."

రెండోసారి గుండ్రటి వాషరు పెట్టింది. "నట్టు," అన్నాడు. మూడోసారి ఏమీ పెట్టలేదు. అరచేతి మీద తన వేలు ఒకసారి తాటించి తీసేసింది. అతను పిడికిలి మూసి, బొటనవేలితో లోపల జాగ్రత్తగా రుద్ది చూసి, "గిది వాషరు," అన్నాడు.

కళ్లు తెరిచి ఖాళీ చెయ్యి చూసుకున్నాడు. 

"ఎన్ని దినాలాయె అన్నా?"

"వేళ్లు తెల్లగయ్యుడు నాలుగేండ్ల సంది. చలికాలం వచ్చిందంటె సున్నం పూసినట్టే అయితయి. ఇరవై రెండేండ్లు గిదే పని గద చెల్లె. మొదాలు బండలు పగలగొట్టే బ్రేకరు పట్టిన, పదేండ్లు. గా తర్వాత డ్రిల్లు. ఇప్పుడు గిది. రెండేండ్ల సంది అంగి గుండీలు సుత నా పెండ్లాం లచ్చవ్వనే పెడ్తది."

"బోల్టు బిగిసిన ముచ్చట చేతికి ఎరుకైతలేదు. అందుకే వదుల్తలేవు."

"ఎరుకైతలేదు. చెవులు సుత సరిగ వినవడయి. వదులుగ ఉంటె రేపు హాల్ల కూసున్నోళ్ల పానం పోతది గద. అందుకే జెర ఎక్కువ కొడ్త."

"దవఖానకు పోయినవా?"

"పోతె పని బంద్ చెయ్యిమంటరు. పని బంద్ చేసినంక చెయ్యి మంచిగుంటె ఏం ఫాయిదా?" రాజలింగు ఆమె సంచి వైపు, అందులోంచి తొంగిచూస్తున్న నోటుబుక్కు వైపు చూశాడు. "చెల్లె, నీకు దండం పెడ్త. గీ ముచ్చట రాయకు. రాసిన దినమే గేటు బయటికి పంపిస్తరు. గీ వయసుల నన్నెవలు తీస్కుంటరు?"

 రాయకపోతే తప్పని వనజకు తెలుసు. రాస్తే ఏమవుతుందో అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదనీ తెలుసు. జనగామ వైపు ఊళ్లో రెండెకరాల బీడు వదిలేసి వచ్చి, రామంతాపూర్‌లో ఒక గదిలో కాపురముంటున్న మనిషి. కూతురి డిగ్రీ ఇంకా పూర్తి కాలేదు.

"రాయను," అంది. "కానీ నేను చెప్పినట్టు చెయ్యాలె. బటన్ నొక్కంగనె ఐదు లెక్కపెట్టు. ఐదు కాంగనే వదిలెయ్. చేతిని అడగకు, చెవిని అడగకు. లెక్క ఒక్కటే."

"గంతేనా?"

"కేబుల్ మార్పిస్తున్న. దెబ్బ గట్టిగ పడ్తది. ఐదు చాలు."

కాగితం మీద ఇలా రాసింది. కేబుల్ సన్నం, పొడవు ఎక్కువ, వోల్టేజీ పడిపోతున్నది, మందం కేబుల్ వేయాలి. చివర "గన్‌లో గానీ వాడకంలో గానీ తప్పు లేదు" అని చేర్చి సంతకం పెట్టింది. మరునాడు తార్నాకలో ఒక హార్డువేర్ షాపులో పసుపుపచ్చ గ్లౌజుల జత కొంది. గుడ్డవి, అరచేతి వైపు రబ్బరు పూత ఉన్నవి. బొబ్బలు మానేదాకా వేసుకోమని తనే తీసుకెళ్లి ఇచ్చింది. రాజలింగు వాటిని వేసుకోలేక తంటాలు పడుతుంటే, ఒక్కో వేలూ ఆమే సర్ది తొడిగింది.

వారంలో కేబుల్ మారింది. గన్ మళ్లీ షాపుకు రాలేదు. సెప్టెంబరు గడిచింది. వెంకటకృష్ణ ఫోన్ చేసి, సమస్య తీరిపోయిందండీ, థాంక్సండీ అన్నాడు. వనజకు లోపల ఎక్కడో కాస్త గర్వంగానే అనిపించింది. తప్పు కనిపెట్టింది, మనిషి పని పోకుండా కాపాడింది, గన్నూ బాగుంది.

ఒక సాయంత్రం తార్నాక బస్టాపులో రాజలింగు దంపతులు కనిపించారు. లచ్చవ్వ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. తార్నాకలోనే రెండు అపార్టుమెంట్లలో మెట్లు కడుగుతుంది. రాజలింగు జేబులోంచి గ్లౌజులు తీసి చూపించి నవ్వాడు. "ఐదే, చెల్లె. ఒక్కటి ఎక్కువ గాదు, ఒక్కటి తక్కువ గాదు." లచ్చవ్వ నవ్వలేదు.

"చెయ్యి మంచిగైతదా చెల్లె?" అని అడిగింది.

"డాక్టరుకు చూపెట్టాలె వదినె. ఎప్పటికైనా చూపెట్టాలె."

"నేనూ గదే అంటున్న. ఇనడు." బస్సు వచ్చింది. వాళ్లు ఎక్కేశారు.

అక్టోబరు మూడో వారంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, వెంకటకృష్ణ షాపు ముందు కారు ఆపాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"రాజలింగుకి దెబ్బ తగిలిందండీ. ఎడమ చెయ్యి. పొద్దున తొమ్మిదింటికి."  "ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికేం భయం లేదు. ఈ గన్ ఒకసారి చెక్ చేసి, కండిషన్ బాగానే ఉందని రాసివ్వాలి. ఇవాళే కావాలంటున్నారు."

కవరు విప్పింది. బోల్టు తలను పట్టుకునే సాకెట్ చుట్టూ పసుపుపచ్చటి గుడ్డ తాడులా మెలితిరిగి చుట్టుకుని ఉంది. సగం పసుపు, సగం ఎండిన రక్తం. రబ్బరు పూత ముక్కలుగా చిట్లిపోయింది. అది ఏ వేలి భాగమో కూడా వనజ గుర్తుపట్టగలిగింది.

 తిరిగే సాకెట్ దగ్గర గుడ్డ గ్లౌజులు పెట్టకూడదు. అది ఈ పనిలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి. షాపులో తను ఏనాడూ గ్లౌజులు వేసుకుని డ్రిల్లు పట్టలేదు. బొబ్బల గురించి ఆలోచించింది గానీ సాకెట్ గురించి ఆలోచించలేదు. కొంచెం స్పర్శ ఉన్న చేతికైతే గుడ్డ చిక్కుకోగానే ఆ లాగుడు తెలుస్తుంది, మరుక్షణమే బటన్ వదిలేస్తుంది. రాజలింగు చేతికి తెలియదు. తెలియదన్న సంగతి, ఇంట్లోవాళ్లు కాక, ఆమె ఒక్కదానికే తెలుసు.

గన్ విప్పి చూసింది. తీగ, బ్రష్‌లు, గ్రీజు, స్విచ్చు. అన్నీ నిన్న బిగించినట్టున్నాయి. ఎక్కడా వేడి జాడ లేదు.

"గన్ మంచిగనే ఉన్నది సార్," అంది. "కాగితం ఇవాళ రాయను. నేను మొదట ఆయనను చూడాలె."

ఆసుపత్రి వార్డులో రాజలింగు గోడవైపు మంచం మీద పడుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి మోచేతిదాకా కట్టు. చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా పోయాయి. ఉంగరపువేలు సగం మిగిలింది. లచ్చవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది, పొద్దున మెట్లు కడుగుతుంటే ఫోన్ వచ్చిందట, చీర కుచ్చిళ్ల మీద ఆ మురికినీళ్ల మరకలు ఇంకా ఉన్నాయి.

వనజను చూసి రాజలింగు లేవబోయాడు. ఆమె వద్దని వారించింది.

"నొప్పి తెల్వలేదు చెల్లె," అన్నాడు. మత్తు వల్ల మాట ముద్దగా వస్తోంది. "లెక్క పెడ్తున్న. మూడు అన్న. నాలుగు అన్న. సాకెట్ దగ్గర ఎర్రగ కనవడ్డది. పెయింటు గావచ్చు అనుకున్న. అయిదు గూడ అన్న."

వనజ తల ఎత్తలేకపోయింది. "గా గ్లౌజులు నేనిచ్చిన. నీ చేతికి స్పర్శ లేదని ఎరుకుండి, రాయకుండ, గ్లౌజులిచ్చి పంపిన."

లచ్చవ్వ కింద నుంచే మాట్లాడింది. "నాకు ఎరుక లేదా చెల్లె? పొద్దుగాల లేస్తె గుండీలు పెట్టేది ఎవలు? గ్లౌజులు రోజూ తొడిగి పంపింది ఎవలు? అన్నం కలుపుకోను రాకపోతె కలిపి పెట్టింది ఎవలు?" ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "నేను గూడ పోతె పోనీ, ఇంకొక్క ఏడాది గడవనీ అనుకున్న. పిల్ల సదువైపోనీ అనుకున్న."

 సందర్శకుల వేళ అయిపోయిందని నర్సు వచ్చి చెప్పేదాకా వనజ అక్కడే నిలబడింది.

కంపెనీ ఏం రాయించుకోవాలనుకుంటోందో మర్నాడు ఫోన్‌లో వెంకటకృష్ణ దాచకుండా చెప్పాడు. గన్‌లో లోపం లేదు, కేబుల్ మార్చారు, వాడకంలో తప్పు లేదని ఆగస్టులోనే రాతపూర్వకంగా ఉంది. కాబట్టి నిబంధనకు విరుద్ధంగా గుడ్డ గ్లౌజులు వేసుకోవడమే కారణం. "నాకూ బాధగానే ఉందండీ," అన్నాడు. "కానీ కాగితాలు అలా ఉన్నాయి." గ్లౌజులు ఎవరిచ్చారని అతను అడగలేదు.

వనజ మళ్లీ ఆసుపత్రికి వెళ్లింది. ఈసారి అతన్ని అడిగాకే రాయాలని నిశ్చయించుకుంది.

"ఉన్నది ఉన్నట్టు రాద్దామనుకుంటున్న అన్నా. నీ చేతి సంగతి, గ్లౌజుల సంగతి, నేను దాచింది, అంతా. నువ్వు వద్దంటె రాయను."

"రాస్తె, జబ్బు దాచిపెట్టి పనికొచ్చిండంటరు," అంది లచ్చవ్వ. "అంతా ఈయన మీదికే తోస్తరు."

"రాయకున్న తోస్తున్నరు గదనే," అన్నాడు రాజలింగు.  "పైన ఇంక నలుగురున్నరు చెల్లె. దేవేందర్ గాడు బీడీ కాలి వేలి దాక వస్తె గూడ పారేయడు. నేను చూసిన. రాయి."

విచారణ సైట్ దగ్గరి రేకుల క్యాబిన్‌లో జరిగింది. హెడ్డాఫీసు నుంచి హరిచందన అనే సేఫ్టీ ఆఫీసరు వచ్చింది. ముప్పై దాటని అమ్మాయి, అన్నిటినీ రెండుసార్లు అడిగి రాసుకుంటోంది. వనజ తను రాసిన రెండు పేజీలూ చదివి వినిపించింది.

వెంకటకృష్ణ ఆగస్టు కాగితం తీసి ముందు పెట్టాడు. "వాడకంలో తప్పు లేదని అప్పుడు మీరే రాశారు కదండీ."

"రాసిన సార్. అబద్ధం రాసిన."

"అతనికి స్పర్శ లేదని మీకెలా తెలిసింది?" అని హరిచందన అడిగింది.

చూపిస్తానంది వనజ. ఒక నట్టు, ఒక వాషరు తెప్పించమంది. పనిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిపించమంది. గన్నులు, డ్రిల్లులు, గ్రైండర్లు పట్టేవాళ్లు మొత్తం ఎనిమిదిమంది. కళ్లు మూసుకుని చేతులు చాపారు. ఇదేదో ఆట అనుకుని మొదటివాడు నవ్వాడు. ఎనిమిదిమందిలో ఐదుగురు నట్టుకూ వాషరుకూ తేడా చెప్పలేకపోయారు. ఐదోవాడి దగ్గరికి వచ్చేసరికి క్యాబిన్‌లో ఎవరూ నవ్వడం లేదు. హరిచందన రాయడం ఆపి ఆ చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత అన్నీ రాసుకుంది, ఎవరి పేరూ వదలకుండా.

హరిచందన రాసిన దానికి ఫలితం రెండు రోజుల్లోనే వచ్చింది. ఆ ఐదుగురినీ డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా రావద్దని ఇంటికి పంపారు. ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, ఎవరు తీసుకుపోతారో ఎవరూ చెప్పలేదు. మూడో రోజున వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు పరంజా ఎక్కారు. గన్నులన్నీ రిపేరుకు ముషీరాబాద్‌లో మరో షాపుకు వెళ్లిపోయాయి. రాజలింగు నష్టపరిహారం సంగతి లేబర్ ఆఫీసుకు చేరింది.

ఆ ఐదుగురిలో ఒకడైన దేవేందర్ ఒక ఉదయం షాపుకు వచ్చాడు. ముప్పై నాలుగేళ్లవాడు, గట్టి మనిషి. గడప దాటి లోపలికి రాలేదు.

"అక్కా, అన్నకు దెబ్బ తాకింది. ఒప్పుకుంట. మా చేతులు చూపెట్టుమని నీకెవలు చెప్పిన్రు?"

"రేపు నీకు గూడ అట్లనే అయితదని..."

"అయితె నాకైతది! ఇయ్యాల మా ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలగాలె? నువ్వు మంచిదానివే అక్కా. మొదాలు మంచితనానికి గ్లౌజులిచ్చినవ్. ఇప్పుడు మంచితనానికి పేర్లు రాయించినవ్." కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నీ మంచితనానికి దూరంగ ఉండనీ మమ్మల్ని."

వెళ్లిపోయాడు. వనజ ఆ రోజంతా షటరు సగం దించి కూర్చుంది. చుట్టడానికి ఎవరిదో మిక్సీ మోటారు ఉంది. చుట్టలేకపోయింది. తండ్రి ఉంటే ఏమనేవాడా అని ఆలోచించింది. యంత్రం సంగతైతే ఆయన చెప్పగలిగేవాడు, ఇదేమీ చెప్పగలిగేవాడు కాదనిపించింది.

నవంబరులో రాజలింగు కట్టు విప్పారు. అప్పటి నుంచి వనజ ప్రతి బుధవారం షాపు మూసేసి, అతన్ని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఔట్ పేషెంట్ వరసలో మూడు గంటలు నిలబడాలి. డాక్టరు నిరోష ఓపిక గల మనిషి. చన్నీళ్లలో చేతులు పెట్టించి తెల్లబడ్డ వేళ్లు ఎంతసేపటికి మళ్లీ ఎర్రబడతాయో చూసింది, సూదిమొనతో ఒక్కో వేలూ తాకి చూసింది, ఏయే యంత్రం ఎన్నేళ్లు పట్టాడో ఏడాది వారీగా అడిగింది. అంతవరకు ఆ లెక్క రాజలింగును ఎవరూ అడగలేదు. అతను కళ్లు మూసుకుని గుర్తుచేసుకుంటూ చెబుతుంటే లచ్చవ్వ మధ్యలో సరిదిద్దింది. పెద్దపిల్ల పుట్టిన ఏడు బ్రేకరు, చిన్నపిల్ల పోయిన ఏడు డ్రిల్లు.

జనవరిలో కాగితం చేతికొచ్చింది. ఆ సాయంత్రం రామంతాపూర్‌లో వాళ్ల గదిలో వనజ దాన్ని తెలుగు చేసి చదివింది. చాలా ఏళ్లు అదిరే యంత్రాలు పట్టుకుని పనిచేయడం వల్ల రెండు చేతుల నరాలూ రక్తనాళాలూ దెబ్బతిన్నాయి. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం. ఇకముందు అలాంటి యంత్రాలు ముట్టకూడదు.

"పని వల్లనే అని రాసిండ్రా?" అని రాజలింగు అడిగాడు.

"పని వల్లనే అని రాసిండ్రు."

"మల్లొకసారి చదువు."

చదివింది. లచ్చవ్వ పక్కకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. ఇది లేబర్ ఆఫీసులో పనికొస్తుందా అని అడిగింది. పనికిరావచ్చు, ఏళ్లు పట్టవచ్చు అంది వనజ. అబద్ధం చెప్పి ధైర్యమిచ్చే అలవాటు ఆమెకు పోయింది.

"దేవేందర్‌కు చూపియ్యి చెల్లె," అన్నాడు రాజలింగు. "నల్లకుంటల ఏదో దవఖాన కడుతున్నరట. గాడ మల్ల గన్ పట్టిండట."

మర్నాడు మధ్యాహ్నం వనజ నల్లకుంట వెళ్లింది. గేటు దగ్గర మేస్త్రీ లోపలికి పోనివ్వలేదు. అన్నాల వేళ దాకా రోడ్డు అవతల ఎండలో నిలబడింది. దేవేందర్ బయటికి వచ్చాడు, ఆమెను చూసి వెనక్కి తిరగబోయి ఆగాడు. ఆమె కాగితం నకలు చాపింది. అతను దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని చదివాడు. ఇంటర్ దాకా చదివినవాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, ఆ వాక్యమే మళ్లీ చదివినట్టున్నాడు.

"అన్న ఎట్లున్నడు?" అన్నాడు చివరికి.

"ఇంట్లనే ఉన్నడు. వదినె ఇంకో అపార్టుమెంటు పట్టుకున్నది."

"గా డాక్టరమ్మ ఏ దినం కూసుంటది?"

"బుధవారం. పొద్దుగాల ఎనిమిదింటికి పోవాలె. నేనొస్త."

లోపలి నుంచి మేస్త్రీ కేకేశాడు. దేవేందర్ కాగితం మడవబోతే అంచులు కుదరలేదు. అలాగే చొక్కా లోపలికి తోసుకున్నాడు.

"గీ బుధారం మూడో అంతస్తు బోల్టులున్నయి," అన్నాడు. "వచ్చే బుధారం చూస్తనక్కా."

గేటు దాటి లోపలికి వెళ్లిపోయాడు. ఆ బుధవారం గడిచింది, తర్వాతి బుధవారం కూడా గడిచింది. రెండుసార్లూ వనజ ఎనిమిదింటికే ఔట్ పేషెంట్ గేటు దగ్గర నిలబడింది. అతను రాలేదు. మూడో బుధవారం మాత్రం కావి రంగు లుంగీ కట్టుకున్న ముసలాయన, విచారణ నాడు చేతులు చాపిన ఎనిమిదిమందిలో గ్రైండరు పట్టే పేరయ్య, తడబడుతూ ఆమె దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, దేవేందర్ చెప్పాడు. లైన్లో ఎక్కడ నించోవాలి?" అని అడిగాడు.